కోరింత దగ్గు మా ఉయ్యాల దాకా వచ్చిన దారి

మా పాప దగ్గు మధ్యలో ఆగిపోయిన రోజున నాకు మొదటిసారి భయం వేసింది. అంతకు ముందు కొద్ది రోజులుగా ముక్కు కారుతోంది, అప్పుడప్పుడూ పొడిగా దగ్గుతోంది. జలుబే అనుకున్నాం. ఆ ఉదయం పాలు తాగుతూ వరసగా దగ్గి నోరు తెరిచింది. ఏడుపు రాలేదు. పెదవులు నీలంగా మారాయి. నా భార్య వీపు తట్టాక గానీ ఊపిరి అందలేదు.

నేను కాలవల శాఖలో సూపర్‌వైజరుని. ముందు కారణం, తర్వాత మరమ్మతు అని వరసగా ఆలోచించడం అలవాటు. ఆత్రేయపురం దగ్గర మా ఊరి నుంచి టాక్సీలో రాజమండ్రి వెళ్తుంటే మాత్రం ఏ వరసా తోచలేదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.

పిల్లల డాక్టరమ్మ పాపను చూసి, ఆక్సిజన్ పెట్టించి, ఇంటికి దగ్గుతో ఎవరైనా వచ్చారా అని అడిగారు.

బారసాల గుర్తొచ్చింది. మా ఇళ్లలో మేనత్త ఉయ్యాలలో వేస్తేనే బారసాల. అందుకని మా అక్క నరసాపురం నుంచి కొడుకు బాబ్జీని తీసుకుని వచ్చింది. వాడు దగ్గి దగ్గి, చివర కూత పెట్టినట్టు ఊపిరి లాగేవాడు. అక్క దాన్ని నీళ్ల మార్పు అంది. పెద్దవాళ్లు “నీ పెళ్లాన్ని నువ్వే ఎత్తుకోరా” అని నవ్వుతూ పాపను వాడి ఒళ్లోనే పడుకోబెట్టారు. మేమూ నవ్వాం.

“పెర్టుసిస్ అండి, కోరింత దగ్గు. ఇంత పసివాళ్లలో ఆ కూత రాకపోవచ్చు. ఊపిరే ఆగిపోతుంది” అన్నారు డాక్టరమ్మ.

“పాపకింకా ఆ దగ్గుకి ట్రిపుల్ యాంటిజెన్ సూది వేసే వయసు రాలేదు కదండీ.”

“అందుకేనండి. అప్పటిదాకా చుట్టూ ఉన్న పిల్లలకి వేసిన సూదులే తనకి కాపలా.”

కాలవగట్టు మీద పనిచేసేవాణ్ణి, ఆ మాట వెంటనే బోధపడింది. గట్టంతా గట్టిగా వేసి ఒక్కచోట వదిలేస్తే, నీళ్లు అక్కడి నుంచే ఊళ్లోకి వస్తాయి.

పాపను వార్డులో చేర్చుకుని ఎరిత్రోమైసిన్ సిరప్ మొదలుపెట్టారు. ఇంట్లో అందరికీ మందు రాశారు. తగ్గుతోందనుకునేసరికి న్యుమోనియా వచ్చింది. “ఇప్పుడేమీ చెప్పలేమండి” అన్నారు. ఆ వార్డులో పాప దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం.

అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. బాబ్జీకి మొదటి సూదికి ఒళ్లు కాలిపోయి తొడ వాచిందట. మిగతావి వద్దని వాళ్ల అత్తగారు అన్నారట.

“జ్వరం చూసి భయపడ్డాన్రా తమ్ముడూ” అంది.

భయమంటే ఏంటో అప్పటికి నాకూ తెలుసు.

న్యుమోనియా తగ్గింది. దగ్గు మాత్రం ఇంటికొచ్చాక కూడా చాలాకాలం వదల్లేదు. డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా పాపకి సూదులు వేయించాం. మొదటిదానికి తనకీ జ్వరం వచ్చింది. తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చున్నది అక్కే. ఇప్పుడు పాప ఇల్లంతా తిరుగుతోంది. బస్సులో ఏ పిల్లాడు దగ్గినా నా చెయ్యి తన ముక్కు దగ్గరికి పోతుంది.

చెప్పేదొక్కటే. మొదటి సూదికి జ్వరం వచ్చిందని మిగతావి మానకండి. మా పాపకి ఆ జ్వరం మర్నాటికే దిగింది. ఆ పెదవుల నీలం మాత్రం నా కళ్లలోంచి ఇంకా పోలేదు.