నీలవేణి కొన్న మూడు పానాలు

పెళ్లయిన పదహారేళ్లలో నీలవేణి మొగుడి కారు బోనెట్టు కింద ఏముందో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. కారు సంగతి జగదీశ్వరరావుది, జీడిపిక్కల ఫేక్టరీ పని ఆమెది. వజ్రపుకొత్తూరు దగ్గర తమ ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి పలాస వెళ్లేది. జీడిపప్పు రాశి ముందు కూచుని గుండు పప్పు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి ఏరేది. కళ్లకు గంతలు కట్టినా వేలికొసతో తేడా చెప్పేస్తుందని తోటి ఆడవాళ్లు అనేవారు.

జగదీశ్వరరావు ఆమెకు సొంత మేనమామ. తొంభైతొమ్మిది తుఫానుకు కొబ్బరితోట సగానికి పైగా నేలకూలింది. మళ్లీ నాటిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా అని ఆయన పాత అంబాసిడర్ ఒకటి కొన్నాడు. టెక్కలి, పలాస, కంచిలి, ఎవరు పిలిస్తే అక్కడికి బాడుగకు తిప్పేవాడు. చిన్నాచితకా రిపేర్లు ఇంటి ముందు కొబ్బరిమట్టలు పరుచుకుని తానే చేసుకునేవాడు. మూడేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఆయన కాళ్లకు నీరు పట్టడం మొదలైంది.

ఇంటింటా ఆ జబ్బే ఉన్న ఉద్దానంలో ఆ మాట చెబితే ఏం రోగమని ఎవరూ అడగరు. విశాఖపట్నంలో పరీక్షలు చేసి రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. వారానికి రెండుసార్లు వచ్చి రక్తం శుద్ధి చేయించుకోవాలన్నారు. లారీ మీద పనిచేసే నీలవేణి తమ్ముడు అప్పలసూరి ఆ పని మానేసి వచ్చి అంబాసిడర్ స్టీరింగు పట్టుకున్నాడు. మంగళవారం, శుక్రవారం తెల్లవారగానే ముగ్గురూ బయల్దేరేవారు. నాలుగు వరసల రోడ్డు పనులు జరుగుతున్న రోజులు. దారి పొడుగునా దుమ్ము, మట్టికుప్పలు. జగదీశ్వరరావు వెనక సీట్లో తలగడకు ఆనుకుని, ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకునేవాడు.

జబ్బు బయటపడక ముందు ఏడాది, ఒక పెళ్లి బాడుగలో కారు డిక్కీలోంచి ఆయన పానాలన్నీ ఎవరో పట్టుకుపోయారు. మంచివి రెండు మూడు కొనుక్కుని, మిగతావి మెల్లగా చూద్దామనుకున్నాడు. అప్పుడు నీలవేణి పలాస బస్టాండు దగ్గర గోనెపట్టా మీద పరిచి అమ్ముతున్న ఒక సెట్టు చూసింది. వెండిలా మెరుస్తున్నాయి, పన్నెండు పానాలు, వరసగా ఎర్రటి రెగ్జిను సంచిలో. ఒక్క పానా ఖరీదుకే పన్నెండు వస్తుంటే బుద్ధున్నవాడెవడు వదులుకుంటాడని ఆమె వాదించింది. తన కూలి డబ్బులతోనే కొనిచ్చింది. జగదీశ్వరరావు ఒకటి చేతిలోకి తీసుకుని ఎగరేసి పట్టుకుని, తేలిగ్గా ఉన్నాయే అని మాత్రం అన్నాడు. సంచి తీసుకెళ్లి డిక్కీలో పెట్టాడు.

రెండువేల నాలుగు వేసవిలో ఒక మంగళవారం, టెక్కలి దాటిన కాసేపటికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. అప్పలసూరి బోనెట్టు ఎత్తి చూస్తే ఫ్యాను బెల్టు సాగి వదులైపోయి ఉంది. పెద్ద పనేం కాదు. డైనమో పట్టుకున్న బోల్టు వదులు చేసి, డైనమోని కాస్త ఎడంగా లాగి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. మెరిసే సంచిలోంచి పదమూడు మిల్లీమీటర్ల పానా తీసి పెట్టాడు. జారింది. మళ్లీ పెట్టి బలంగా తిప్పాడు. ఈసారి బోల్టు మూలలు అరిగిపోయాయి.

వెనక సీట్లోంచి జగదీశ్వరరావు ఆయాసపడుతూనే కేకేశాడు. "ఒరే సూరీ, ఆపరా. అది పాత బండి, అరంగుళం బోల్టు. పదమూడు దానికి వదులు."

అప్పటికే ఆలస్యమైపోయింది. మూడోసారి తిప్పేసరికి పానా నోరే తెరుచుకుపోయింది. బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. అప్పలసూరి వచ్చేపోయే లారీ ఒకటి పట్టుకుని టెక్కలి వెళ్లి మెకానిక్కుని తీసుకొచ్చేసరికి రెండు గంటలు దాటింది. అంతసేపూ నీలవేణి కారు తలుపు తెరిచి పెట్టి, చీరకొంగుతో మొగుడికి విసురుతూ నిలబడింది. ఉబ్బిన పాదాలు కింద పెట్టలేక ఆయన సీటు మీదికి చాపుకున్నాడు. మెకానిక్కు పైపులు పట్టే పెద్ద పానాతో బోల్టుని కొరికి పట్టుకుని ఎలాగో బిగించాడు.

ఆసుపత్రికి చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. మిషను మీద వేరే మనిషి ఉన్నాడు. మర్నాడు పొద్దుటికి గానీ కుదరలేదు. అప్పటిదాకా జగదీశ్వరరావు పడుకోలేకపోయాడు, ఊపిరాడక గోడకు ఆనుకుని కూచునే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నీలవేణి మూడో రోజు గంజి తీసుకెళ్లి మంచం పక్కన కూచుంది.

"మావా, ఆ సెట్టు నానే కదా కొన్నాను."

"కొన్నావు. నాను వద్దన్నానేటి?"

"నువ్వు అన్నేదు. కానీ నీకు తెలుసు."

ఆయన గంజి గిన్నె అందుకున్నాడు. "తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. అదీ నీ తప్పేనేటి? ఏడిసి ఏటి సేత్తావు. పలాస ఎల్లి మంచియి మూడు కొని పట్రా. పన్నెండు మనకెందుకు?"

ఎలాంటివి కొనాలో మంచం మీదే చెప్పాడు. ఈ బండిలో చేతికి తగిలే బోల్టులన్నీ మూడు సైజుల్లోనే ఉంటాయన్నాడు. నోరు తెరిచి ఉండే పానా కంటే బోల్టుని చుట్టూ పట్టుకునే రింగు పానా తీసుకోమన్నాడు. మెరుపు చూసి మోసపోవద్దు, అంకె చూసి సరిపెట్టుకోవద్దు, మనకు కావలసిన బోల్టు పట్టుకెళ్లి దాని మీద పెట్టి చూడు, వదులుగా ఆడితే వదిలెయ్ అన్నాడు. అటక మీద పాత డబ్బాలోంచి మూడు బోల్టులు ఏరించి ఆమె కొంగున కట్టించాడు.

పలాసలో నారాయణరావు కొట్టు పాతది. మోటారు సామాన్లు, ఇనుప సామాన్లు రెండూ దొరుకుతాయి. ఆడమనిషి ఒక్కతీ వచ్చి పానాలు అడగడం చూసి, కొట్టులో ఉన్న ఇద్దరు మగాళ్లు మాట ఆపేశారు. నారాయణరావు మెరిసే సెట్టు ఒకటి తీసి ముందు పెట్టాడు. నీలవేణి కొంగు ముడి విప్పి బోల్టు తీసింది. దాని మీద పానా పెట్టి, వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసింది.

"ఇది ఆడతంది బాబూ. అరంగుళానిది కావాల."

అప్పుడు నారాయణరావు ఆమె ముఖం కేసి చూశాడు. "కారు ఎవరిదమ్మా?"

"మాదే."

ఇంచీ కొలత కొత్తవి ఇప్పుడు ఎవరూ అడగరని, తెప్పించాలంటే నెల పడుతుందని చెప్పాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కింది అరలోంచి ఒక రేకు పెట్టె లాగాడు. టెక్కలిలో గ్యారేజీ మూసేసిన ముసలి మెకానిక్కు ఒకడు అమ్మేసిన సామాన్లవి. పైనంతా తుప్పు. కానీ చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉన్నాయి.

ఆమె ఒక్కొక్కటే బోల్టు మీద పెట్టి చూసింది. పట్టినవాటిని పక్కన పెట్టి, రింగు లోపల చూపుడువేలు పోనిచ్చి మూలలు తడిమింది. అరిగినవి రెండు వదిలేసింది. బాగానే కనిపించిన ఇంకొకదాని అంచున గోరు ఎక్కడో పట్టుకుంది. వెలుతురులోకి తెచ్చి చూస్తే వెంట్రుకంత పగులు. నారాయణరావు కళ్లజోడు పెట్టుకుని చూసి, దాన్ని తీసి చెత్తబుట్టలో పడేశాడు. ఆమె తీసుకున్న మూడింటికీ కలిపి అతను అడిగింది మెరిసే సెట్టు ఖరీదులో సగం కూడా లేదు.

ఇంటికొచ్చి కిరసనాయిల్లో నానబెట్టి పీచుతో తోమింది. మర్నాడు జగదీశ్వరరావుని కుర్చీలో వాకిట్లో కూచోబెట్టారు. అప్పలసూరి కర్రతో డైనమోని ఎడంగా పట్టాడు. అరిగిన బోల్టు స్థానంలో డబ్బాలోని మంచి బోల్టు పెట్టి నీలవేణే బిగించింది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కి చూడమన్నాడు ఆయన. వేలి మందం దిగితే సరి, అంతకంటే దిగితే వదులు. రెండోసారికి సరిగ్గా దిగింది. పానా ఎక్కడా జారలేదు. అయినా ఆమె మనసు ముందు రోజు కంటే ఏమీ తేలిక పడలేదు.

ఆ తర్వాత కారు దారిలో ఆగలేదు. ఆగకపోయినా జగదీశ్వరరావు నెలనెలా క్షీణించాడు. మధ్యలో ఒకసారి నీలవేణి డాక్టరును పక్కకు పిలిచి ఆ ఒక్క రోజు ఆలస్యం వల్లేనా ఇదంతా అని అడిగింది. ఒక్క రోజు గురించి ఎవరూ చెప్పలేరమ్మా అన్నాడాయన. ఆమె ఆ మాట నమ్మనూ లేదు, నమ్మకుండానూ ఉండలేకపోయింది. కార్తీకమాసంలో జగదీశ్వరరావు పోయాడు.

కారు అమ్మేద్దామని అప్పలసూరి అన్నాడు. అప్పటికే వీధిలో ఇద్దరు రోగులు ఆసుపత్రికి అదే కారులో వెళ్తున్నారు. ఒకరు దాలమ్మ, కదల్లేని ముసలామె. ఆమెను బస్సులో తీసుకెళ్లడం ఎవరి వల్లా కాదు. అందుకని కారు ఉండిపోయింది. పొద్దున్న బయల్దేరే ముందు బెల్టు చూసి బిగించే పని నీలవేణికే ఉండిపోయింది.

మాఘమాసంలో ఊళ్లో కిడ్నీ జబ్బు కోసం రక్తపరీక్షల శిబిరం పెట్టారు. అక్కాతమ్ముళ్లిద్దరూ చెయ్యి చాపారు. పదిహేను రోజులకు కాగితాలు వచ్చాయి. నీలవేణికి ఫరవాలేదని రాశారు. అప్పలసూరిది మాత్రం విశాఖపట్నంలో మళ్లీ ఒకసారి చేయించాలని, తొందరగా చేయించాలని చెప్పారు. ఆ కాగితం పట్టుకుని ఆమె ఆ రోజు ఫేక్టరీకి వెళ్లలేదు. వాకిట్లో తమ్ముడు కారు కడుగుతున్నాడు. ఆ మాట తమ్ముడికి ఎలా చెప్పాలో తెలియక, ఆమె గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది.