తిప్పేస్వామి వన్స్ మోర్

ధర్మవరం తిప్పేస్వామికి ఒకటే జబ్బు. ఏ వేడుకకు పోయినా "వన్స్ మోర్!" అని అరవకుండా ఇల్లు చేరడు. ఏడాదంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నోరు విప్పని మనిషి, చలికాలంలో అనంతపురంలో నాటకాల పందిరితో ఎగ్జిబిషన్ పెట్టారంటే చాలు, గొంతు సవరించుకునేవాడు. డిసెంబరులో ప్రతి ఆదివారం భార్య లక్ష్మీనరసమ్మతో రైలెక్కేవాడు. ఆమెకు నాటకాలంటే ప్రాణం. మొగుడి పక్కన కూర్చుని చూడడమంటే మాత్రం ప్రాణసంకటం.

డెబ్బై ఆరులో ఒక నాటకంలో రాక్షసరాజు యుద్ధంలో చచ్చిపడ్డాడు. పడడంలో కిరీటం ఊడి, దొర్లుకుంటూ పోయి హార్మోనియం కింద దూరింది. జనం పడీ పడీ నవ్వారు. తిప్పేస్వామి లేచి "వన్స్ మోర్!" అన్నాడు. రాజు ఒక కన్ను తెరిచి చూశాడు. లేచి, కిరీటం వెతికి పెట్టుకుని, ఈసారి రెండు చేతులా దాన్ని పట్టుకుని మర్యాదగా చచ్చాడు.

"చచ్చినోన్ని లేపి మళ్ళా సంపిస్తావా? పాపం తగుల్తాది!" అంది లక్ష్మీనరసమ్మ.

"ముందుసారి సరిగ్గా సావలేదు కదే," అన్నాడు తిప్పేస్వామి నవ్వకుండా.

నాటకమంటే సరే, బొమ్మల ప్రదర్శనలో కూడానా? ఒక డ్రాయింగు మాస్టరు తన బొమ్మలు గోడలనిండా తగిలించాడు. అన్నీ వాన బొమ్మలే. ఊళ్ళో చూస్తే మూడేళ్ళుగా చినుకు లేదు. "ఈయప్ప వాన యాడ చూసినాడప్పా!" అనుకుంటూ జనం గుమ్మంలోంచే తిరిగిపోయారు. తిప్పేస్వామి ఒక్కడే మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చూసి, వాకిట్లోకొచ్చి, "వన్స్ మోర్!" అని అరిచి, మళ్ళీ మొదటి బొమ్మ దగ్గరికి పోయాడు. పొద్దున్నించీ స్టూలు మీద ఒంటరిగా కూర్చున్న మాస్టరు దిగ్గున లేచి, ఒక్కో వాన గురించి చెబుతూ ఆయన వెంటే తిరిగాడు. లక్ష్మీనరసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటే నిలబడింది.

ఎనభైలో ఆమె గట్టిగా చెప్పేసింది. "ఈ ఏడు నోరు తెరిస్తివా, నీతో రానే రాను." తిప్పేస్వామి మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆ ఆదివారం సాయంత్రం నాటకంలో రాణి వేషం తిరుపాలమ్మది. ఇరవై ఏళ్ళుగా ఆమె పద్యమంటే లక్ష్మీనరసమ్మ చెవి కోసుకునేది. పలకరిద్దామని మొగుడితో కలిసి తెర వెనక్కి పోతే, తిరుపాలమ్మ మెడకు గుడ్డ చుట్టుకుని వేడినీళ్ళు తాగుతోంది.

"జ్వరమొచ్చి గొంతు పోయిందక్కా. ఈ పొద్దు పద్యం తప్పితే బసప్ప నన్ను తీసేసి, రేపే బళ్ళారి నుంచి కొత్త పిల్లను దింపుతాడంట. ఇంక కూలికి పోవల్ల. ఈ కరువులో కూలి యాడుండాది?"

బసప్ప నాటక సమాజం యజమాని. అన్నంత పనీ చేస్తాడు.

రాణి పద్యం ఎత్తుకుంది. రెండో పాదంలో, పైస్థాయిలో గొంతు పుటుక్కున తెగింది. వెనక బెంచీల్లో ఈలలు మొదలయ్యాయి. బసప్ప తెర దించడానికి వచ్చి వేదిక పక్కన తాడు పట్టుకున్నాడు. అదే అదనుగా తిప్పేస్వామి లేచాడు.

లక్ష్మీనరసమ్మ మొగుడి పంచె పట్టుకుని లాగింది. "కూర్చోవయ్యా! ఆయమ్మ కొంప ముంచేకి వచ్చినావా?"

"వన్స్ మోర్!"

పందిరంతా గొల్లుమంది. అయినా వన్స్ మోర్ అన్నాక మళ్ళీ పాడాల్సిందే, అది నాటకం మర్యాద. తిరుపాలమ్మ పక్కకు జరిగి నీళ్ళు తాగింది. హార్మోనియం జయరాముడు ఆమె మొహం చూసి శ్రుతి ఒక మెట్టు దించాడు.

తిప్పేస్వామి కూర్చుని మెల్లగా అన్నాడు. "పోగు తెగితే ముడేసుకుంటాం గానీ మగ్గం ఆపేస్తామా? నీళ్ళు తాగేకి, శ్రుతి దించుకునేకి ఆయమ్మకు టయిం కావల్ల. బాగా పాడేటోళ్ళకు నా అరుపుతో ఏం పని?"

లక్ష్మీనరసమ్మ మొగుడి వైపు తిరిగింది. గొప్ప గొప్పవాళ్ళు పాడినప్పుడు ఈ మనిషి ఎన్నడూ అరవలేదు. ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని ఆ సంగతి గమనించనందుకు ఆమెకు మొదటిసారి తన మీద తనకే సిగ్గేసింది.

రెండోసారి పద్యం చివరి పాదం దాకా వచ్చి దగ్గులో కలిసిపోయింది. బసప్ప తాడు లాగబోయాడు. తిప్పేస్వామి లేచి నోరు తెరిచాడు. చలిగాలికి గొంతు పట్టేసి, గాలి తప్ప మాట రాలేదు. దిక్కుతోచక పెళ్ళాం వైపు చూశాడు.

లక్ష్మీనరసమ్మ లేచింది. కొంగు తీసి నడుముకు బిగించింది.

"వన్స్ మోర్!"

పందిరంతా తిరిగి చూసింది. జయరాముడు ఇంకో మెట్టు దించాడు. తిరుపాలమ్మ కళ్ళు మూసుకుని, రాగంలో సాగదీసే సంగతులన్నీ వదిలేసి, మాట్లాడినట్టు మెల్లగా పాడింది. చివరి పాదం తెగలేదు. ఒక్క ఈల లేదు. వెనక బెంచీ నుంచి ఎవరో "వన్స్ మోర్!" అన్నారు. తర్వాత పదిమంది, ఆ తర్వాత పందిరంతా. బసప్ప తాడు వదిలేసి, రేపు కూడా నువ్వేనన్నట్టు తిరుపాలమ్మకు తలూపాడు.

తిప్పేస్వామి మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"గమ్మునుండావే?" అంది లక్ష్మీనరసమ్మ.

"ఇంక ఆయమ్మకు మనతో పనిలేదు, కూర్చో," అన్నాడు గొంతు పెగుల్చుకుని.

లక్ష్మీనరసమ్మ కూర్చోలేదు. రుచి మరిగింది. ఇంకోసారి అరిచింది.