పొట్టేలుతో పందెం

ఈతపోటీల యాభై మీటర్ల ఫ్రీస్టయిల్‌ల మొదటొచ్చిన మా మనవరాలు మెడల్‌ను పండ్ల నడుమ కరిచిపట్టుకొని ఫొటో దిగింది. "ఉప్పగున్నదా బిడ్డా?" అని అడిగిన. "మెడల్ ఉప్పగెందుకుంటది నాయనమ్మా!" అని నవ్వింది.

రజాకార్ల భయం పోయిన యేడు. నాకు ఎనిమిదేండ్లుంటయి. ఉన్ని కత్తిరించే ముందు మా గొర్లను పాలేరు వాగుల ఈదించి కడిగేటోళ్లం. పొట్టేలు ముందు దిగితేనే మంద దిగుతది. అందుకే అవతలి ఒడ్డున అమ్మ గుప్పిట్ల ఉప్పు పట్టుకొని దాన్ని పిలిచేది. అది ఈదుకుంట పోయి అమ్మ చెయ్యి నాకేది. ముందొచ్చినోళ్లకు ఇచ్చే బహుమానం ఆ ఉప్పేనని నేననుకున్న. ప్రతిసారీ అదే గెలుస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ పొద్దు పొట్టేలుతో పాటు నేనూ దుంకిన. ముక్కు నిండ తడిసిన ఉన్ని వాసన. "కొట్టు బిడ్డా, కాళ్లు కొట్టు!" అని వెనక మందను తోలుతున్న నాయిన ఒకటే కేకలు. జానెడు ముందు ఒడ్డెక్కిన. అమ్మ గుప్పిట విప్పి ఉప్పంతా నేనే నాకిన.

"ఓసి పిచ్చిదానా, గది పొట్టేలుకే!" అని అమ్మ నవ్వాపుకోలేక ఇసుకల కూలబడ్డది. ఉప్పు దొరకని పొట్టేలు వెనక్కి మళ్లింది. దాని వెంట మందంతా మళ్లి, వాగు నడుమ నాయిన మీదికెక్కింది.

పొట్టేలు నాతోని పందెమే కాయలేదని పెద్దయినంక సమజైంది. అయినా గెలిచింది నేనే.

వచ్చే పోటీకి కొంగుల ఇంత రాళ్లుప్పు కట్టుకొని పోత. ఈతకొలను అవతలి గోడకాడ నిలబడి పిలుస్త.