సభా సంఘానికి పోసిన నీళ్లు

పోయిన వారం హిందూపురంలో మా వీధి చివరి కాలేజీవాళ్లు పర్యావరణ దినం జరుపుతూ, మా మామ గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ నీళ్ల చట్టాల గురించే మాట్లాడిన మనిషి కదా అని, ఆయన ఫొటో వేసి ఆరడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టారు. ఈ రోజున ప్లాస్టిక్ ఏమిటని అడక్కుండా ఉండలేకపోయాను. "గుడ్డదైతే వానకు తడుస్తుంది మేడం" అన్నాడు లెక్చరరు. మన జిల్లాలో వానకు భయపడే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాను. తర్వాత మైకు పట్టుకుని, ఆయన నిజాయితీపరుడు, కష్టజీవి అని అందరూ చెప్పేవే చెప్పి దిగిపోయాను. చెప్పనిది ఒకటుంది.

మామ అంటే మా అమ్మకు అన్న. తొంభైలలో గెలిచాడు. పెనుకొండలో ఆయన ఇంటి ముందుగదిలో బదిలీల కోసం వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, భూగర్భజలాల గురించి గంటసేపు చెప్పేవాడు. వాళ్లు రెండోసారి వచ్చేవాళ్లు కాదు. నేను అప్పుడు డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, అందరికీ సలహాలిస్తూ తిరుగుతున్నాను. చేతిరాత బాగుంటుందని అసెంబ్లీలో అడగాల్సిన ప్రశ్నలు నాచేత రాయించేవాడు. "ఒక ప్రశ్నలో రెండు పెట్టొద్దు పాపా. మంత్రి సులువైనదానికి జవాబు చెప్పి కూసుంటాడు" అనేవాడు. నేను ఒక్కో వాక్యానికీ పేచీ పెట్టేదాన్ని. "నీ మాదిరి ఇంకొకరుంటే సభ నడవదు" అని నవ్వేవాడే గాని, నా మాట బాగుంటే తన మాట కొట్టేసేవాడు. మా ఇంట్లో ఆడదాని వాదాన్ని కాగితం మీద పెట్టిన మగవాడు ఆయనొక్కడే.

ఆయన పట్టుకున్న పెద్ద సంగతి మా అవ్వ ఊరిది. అవ్వ అంటే ఆయన కన్నతల్లి. ధర్మవరం అవతల ఆ ఊరికి ఎగువన, వంక ఒడ్డున పట్టునూలుకు రంగులద్దే షెడ్లు లేచాయి. ఆ రోజు ఏ రంగు అద్దితే వంక ఆ రంగున పారేది. వంక పక్క బావుల్లో నీళ్లు పసుపు తిరిగి, నాలుక మీద తుప్పులా తగిలేవి. గొర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. మనుషులకు ఆ సౌకర్యం లేదు, తాగేవాళ్లు. రంగునీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే షెడ్డు మూయించే అధికారం పంచాయతీకే ఉండాలని, చట్టంలో ఆ మాట చేర్చాలని మామ ఏళ్ల తరబడి అడిగాడు. అడగ్గా అడగ్గా ఒక సభా సంఘం వేశారు. వాళ్లు వచ్చి ఊరి నీళ్లు పరీక్షకు పంపుతారు. చెడ్డవని తేలితే సవరణ సభలోకి వస్తుంది. లేకపోతే అంతటితో సరి.

సీసాలను అధికారులు దారిలో ఎక్కడో నింపుకుంటారని మామకు అనుమానం. అందుకని ఆయనే పట్టుబట్టి ఒక పద్ధతి పెట్టించాడు. ముందురోజే ఇంటింటికీ ఖాళీ సీసా ఇవ్వాలి, ఎవరు తాగే నీళ్లు వాళ్లే నింపి తేవాలి, అందరి ముందూ ఊరి పేరున్న చీటీ అంటించాలి. ఆ అంటించే పని నాది.

సంఘం వచ్చిన ఉదయం షెడ్లన్నీ మూసేశారు. వంక ఎండి ఉంది. ఎండిన వంకనైనా చూపిద్దామని మామ సంఘంవాళ్లను తీసుకుపోయాడు. నేను బడి వరండాలో బంకగిన్నె పెట్టుకుని కూర్చున్నాను. వరసలో మొదట మా అవ్వే. ఆమె చేతిలో సీసా అద్దంలా మెరుస్తోంది. మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

"ఇవి యాడివి అవ్వా?"

"తోటబావివి. కోడి కూయంగానే పోయి తెచ్చినా."

తోటబావి ఊరికి దూరంగా, మిట్ట మీద ఉంటుంది. "తాగే నీళ్లు గదా తెమ్మనింది" అన్నాను.

"ఊరి పేరు రాసి ఐదరాబాదుకు పంపిస్తాండారు. పెద్దోళ్లకు ఎవురైనా మురికినీళ్లు ఇస్తారామే? ఇంత సదువుకున్నావు, మర్యాద నేర్చుకోలా?" అని, ముందుకు వంగి గొంతు తగ్గించింది. "ఎల్లుండి గాండ్లపెంటోళ్లు చిన్నదాన్ని చూసేకి వస్తాండారు. ఈ నీళ్లకు కీళ్లు పోతాయని పేపర్లో ఏస్తే, దాన్ని ఎవురు చేసుకుంటారు? అంటించు."

చిన్నది అంటే చిన్నమామ కూతురు. అప్పటికే రెండు సంబంధాలు ఈ నీళ్ల మాట మీదనే తప్పిపోయాయి. రెండోది పోయాక ఆ పిల్ల గది దాటి బయటికి రావడం మానేసింది. తల ఎత్తి వరస వెనక్కి చూశాను. అన్ని సీసాలూ అట్లే మెరుస్తున్నాయి. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఊరంతా తోటబావికి పోయి వచ్చింది. చారులో ఉప్పు గురించి కూడా అరగంట వాదించే నేను బంకగిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఒకటొకటిగా అంటించాను. వేళ్లకు బంక ఎండిపోయి బిగుసుకోవడం గుర్తుంది. ఏమైనా అనిపించిందా అంటే, గుర్తు లేదు.

కొన్ని నెలలకు నివేదిక వచ్చింది. నీళ్లు తాగడానికి యోగ్యం. మామ పెనుకొండ ఇంట్లో దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇవి తోటబావి నీళ్లు గదా పాపా."

అవునన్నాను.

"చీటీలు నువ్వే గదా అంటించింది."

అవునన్నాను. తర్వాతది ఎందుకు అనే ప్రశ్న. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను, గట్టిగా వాదించడానికి కూడా. ఆయన కాగితం మడిచి, "అన్నం పెట్టు, ఆకలైతాంది" అన్నాడు. సభలో లేచి ఆ సీసాలు చెల్లవని చెప్పవచ్చు. చెబితే ఊరంతా అబద్ధమాడినట్టు, అందరికంటే ముందు కన్నతల్లి. చెప్పలేదు. సవరణ రాలేదు. మరుసటి ఎన్నికల్లో ఆయనకు టికెట్టూ రాలేదు. చిన్నదాని పెళ్లి గాండ్లపెంటలోనే అయింది, బాగుంది. రెండువేల సంవత్సరం దాటాక తోటబావిలోకీ రంగు దిగింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మామ పోయాడు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, వచ్చినవాళ్లకు కాఫీలు అందిస్తూ తిరిగాను.

నా జవాబు ఇప్పటికీ అక్షరం పోకుండా నోట్లోనే ఉంది. ఎందుకని అడగాల్సిన మనిషే లేడు.