గోడల మీది చిరునామా

పందొమ్మిదేళ్లుగా కోడ్ రాస్తున్న ఆమెను ఆఫీసులో అందరూ పెద్దక్క అనేవారు. తప్పిపోయినవారి వివరాలు పెట్టే వెబ్‌సైటు ఆమె చేతిలోనే పుట్టింది. మనిషికో పేజీ; చిరునామా చివర ప్రశ్నార్థకం, దాని వెనక ఆ మనిషి నంబరు. ఆ ఏడాది సైటును కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చారు. పేజీల దారులు మారాయి, మనుషుల నంబర్లూ మారాయి. పాత చిరునామా కొడితే ‘పేజీ లేదు’ అని వచ్చేది.

సైటు మారిన మూడో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. కూతురు కనబడకుండా పోయి నాలుగేళ్లట.

"అమ్మా, మా పిల్ల పేజీ తీసేశారా?"

"తీయలేదు బాబాయ్. చిరునామా మారిందంతే. కొత్తది పంపిస్తాను."

"నాకు పంపితే ఏం లాభం తల్లీ? రెండు వేల కాగితాలు గోడలకి అంటించాను. అన్నిటి మీదా పాతదే."

ఏదో ఒకటి చేస్తానని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. లేచి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"పాత లింకులు ఎవరు చూస్తారు మేడమ్? పేరు కొట్టి వెతుక్కోడానికి సైటులో పెట్టె ఇచ్చాం కదా," అన్నాడతను.

"ఇల్లు మారేవాళ్లు కూడా పాత గుమ్మానికి చీటీ అంటించి పోతారండీ."

"సరే, మీ ఇష్టం. మిగతా పని మాత్రం ఆగకూడదు."

పాత నంబరును కొత్త పేజీకి పంపే కోడ్ పది వరుసల్లో అయిపోయింది. జనం పంచుకునేటప్పుడు చిరునామా వెనక చేరిన అదనపు అక్షరాల తోకలనూ ఓర్చుకునేలా రాసింది. కానీ ఏ పాత నంబరు ఇప్పుడు ఏదైందో ఎవరూ రాసిపెట్టలేదు. ఒకే పేరున ఐదారుగురున్నారు. ఫోటోలు పోల్చడమే గతి. తెర మీద ఎడమవైపు పాత సైటులోని ముఖం, కుడివైపు కొత్త జాబితా. మొత్తం ఆరువందల పన్నెండు మంది. నాలుగు రోజులకు తల ప్రాణం తోకకొచ్చింది, మెడ పట్టేసింది. ‘దొరికారు’ అన్న గుర్తున్న ముఖం వస్తే మాత్రం కాసేపు కుర్చీలో వెనక్కి వాలేది.

ఐదో రోజు ఆమే పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన వీధిలోకి నడిచి, గోడ మీది కాగితం చూసి ఒక్కో అక్షరం కొట్టాడు.

"వచ్చిందమ్మా," అన్నాడు. "నవ్వుతోంది."

వారపు నివేదికలో మేనేజరు ఆ పనిని ‘చిల్లర మరమ్మతులు’ కింద వేశాడు. పిల్ల జాడ తెలియలేదు. తర్వాతి వారం ఆ పిల్ల పాత చిరునామాను పదకొండుసార్లు తెరిచినట్టు సైటు లెక్కల్లో కనిపించింది. అందులో ఎన్నిసార్లు తండ్రే తెరిచాడో ఆరా తీయాలని ఆమెకు అనిపించలేదు. ఇంకా వదలని మెడనొప్పికని మర్నాటికి సెలవు చీటీ రాసి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది.