పేచీ వాళ్ల నాన్న

మా నాన్న ముప్పై నాలుగేళ్లు సైకిళ్లు బాగుచేశాడు. చక్రం తిప్పి, చెవి ఒగ్గి విని, ఏ స్పోకు వదులైందో చెప్పేవాడు. ఇప్పుడు పాచిక మీద చుక్కలు లెక్కపెట్టమంటే నాలుగు దాకా వచ్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు.

మతిమరుపు జబ్బన్నారు. "పోయింది తిరిగి రాదమ్మా. రోజూ ఏదో ఒక ఆట ఆడించండి, ఉన్నది ఇంకొన్నాళ్లు నిలవొచ్చు," అన్నాడు డాక్టరు. ఉన్నదాంట్లో నేను లేను. ఆరు నెలలుగా నాన్న నన్ను "ఏవండీ" అంటున్నాడు. చిన్నప్పుడు ఓడిపోతే బోర్డు తిరగేసి ఏడ్చేదాన్నని నాకు పేచీ అని పేరు పెట్టింది ఆయనే. ఒక్కసారి ఆ పేరుతో పిలిపించుకోవాలి. ఈ లూడో అంతా అందుకే.

అవతల మిషను మీద నలభై స్కూలు యూనిఫారాలు పడున్నాయి. ఇవతల ఈయన పాచిక వేయమంటే జేబులో వేసుకుంటాడు. తన పచ్చకాయలు వదిలేసి నా ఎర్రవి జరుపుతాడు. "నీది పచ్చ నాన్నా," అంటే "అలాగేనండీ" అని మళ్లీ ఎర్రదే ముట్టుకుంటాడు. ఒళ్లు మండిపోతుంది. అన్నయ్య ఫోన్ చేసి "కాస్త ఓపిక పట్టవే" అంటాడు. చెప్పడానికేం, తన సొమ్మేం పోయింది.

విసుగొచ్చి నిన్న మధ్యాహ్నం ఎర్రకాయలు ఆయనకే ఇచ్చేసి, పచ్చవి నేను తీసుకున్నాను. కాసేపటికి నాకు మూడు పడింది. సరిగ్గా మూడో గడిలో ఎర్రకాయ ఉంది. చంపబోతుంటే నాన్న దాని మీద అరచెయ్యి మూశాడు.

"ఇది వద్దండీ."

"ఆటంటే అంతే నాన్నా. చచ్చింది, తియ్యి."

"మీకు తెలీదు. ఇది మా పేచీది. బడి నుంచి వచ్చి చూసిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది."

ఆయన మొహంలో మొహం పెట్టి, "నేనే నాన్నా పేచీని," అన్నాను.

నాన్న నా నెరిసిన జుట్టు వంక, కళ్లజోడు వంక చూసి మొహమాటంగా నవ్వాడు. "ఊరుకోండి. అది ఇంతే ఉంటుంది," అని రెండో చేత్తో మంచమెత్తు చూపించాడు.

కోపమొచ్చింది. నాన్న మీద కాదు, ఆ మంచమెత్తు పిల్ల మీద. దానికి అన్నీ దక్కాయి.

నా కాయ వెనక్కి తీసుకుని, ఇంకొకటి మూడు గళ్లు జరిపాను.

"మీ అమ్మాయి వచ్చేదాకా ఆడదాం," అన్నాను. "వెయ్యండి."