బానెట్ మీద కూసునేటోళ్లు

మా బాపు జీపుకు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ పలిగిన దినాలల్లనే తెలంగాణ కోసం సమ్మె షురువైంది. బస్సులు డిపోలల్ల ఆగినయ్. కేసముద్రం నుంచి మానుకోటకు, అదే కాయిదాల మీద మహబూబాబాదుకు, నడిచే జీపులన్నిటికి పండుగ. మాది ఒక్కటే తండా మొగదల యాపచెట్టు కింద బానెట్ తెరుసుకొని నిలవడ్డది. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటరు సూడుండ్రి, అట్లయింది మా కథ.

మేనిఫోల్డ్ అంటే జీపు ఎనుక కనవడే సైలెన్సర్ గాదు. ఇంజన్ల నాలుగు సిలిండర్లు ఉంటయ్ గదా, ఒక్కోటి కాలిన పొగను ఒక్కో నోటికెల్లి బయటికి కక్కుతది. ఆ నాలుగు నోళ్లకు అతికి, నాలుగు పొగలను ఒక్క గొట్టంల కలిపే పోత ఇనుప ముక్క అది. గది పలిగితే పొగ ఎనుకకు పోదు, ముంగట సీట్లకే వస్తది. మా జీపెక్కినోళ్లకు కండ్లు మంటలు, కడుపుల తిప్పుడు. బాపుకైతే స్టీరింగ్ పట్టుకున్నప్పుడే నెత్తి తిరిగింది. జనం పానాలతోని ఆట ఎందుకని తనే తెచ్చి చెట్టు కింద పెట్టిండు.

అతికిస్తే సల్లారంగనే మల్ల పలిగింది. పోత ఇనుముతోని గదే తంటా. కొత్తది కొందమంటే ఆ ఇంజన్ చేసిన కంపెనీ ఎప్పుడో చెయ్యుడు బంద్ చేసింది, పాత సామాన్ల దుకాన్లు వరంగల్‌ల బందుకు మూసుకున్నయ్. గప్పుడే మేస్త్రి వచ్చిండు. పూనా దిక్కు రోడ్ల పనికి తండలకెల్లి మనుషులను తీస్కపోయేటోడు. జీపు లేవకపోతే వచ్చే జట్టుతోని నేను గూడ వస్త అని బాపు ఆయనకు మాటిచ్చిండు. మా యాడి, అంటే మా అమ్మ, అక్కడ పరుసుకొమ్మని అద్దాలు కుట్టిన బొంత ఒకటి మడతపెట్టి ఇచ్చింది. బాపు దాన్ని ఇంట్ల పెట్టలే, జీపు డ్రైవర్ సీటు కింద దోపిండు. గక్కడెందుకు పెట్టినవ్ అని అడిగిన. జీపును తుక్కుకు అమ్మేనాడే నేను గూడ ఎల్లేది, రెండు ఒక్కసారే ఎల్లుతయ్ అన్నడు. నాకు ఏడుపు రాలే, మస్తు కోపం వచ్చింది.

నేను గప్పుడు జనగామ దిక్కు ఒక కాలేజిల మెకానికల్ ఆఖరు సంవత్సరం సదువుతున్న. తండల ఆడివిల్లకు మెకానికల్ ఏందని అడగనోళ్లు లేరు. కాలేజిల ఇంకో బాధ. నేను 'గిట్ల', 'గట్ల' అంటె ఎనుక బెంచీలల్ల నవ్వుడు. ముందు తెలుగు నేర్చుకొని తర్వాత ఇంజన్లు నేర్చుకొమ్మని మా ప్రాజెక్టు సారు ఒకసారి అందరి ముంగటనే అన్నడు. ఇంట్ల మేం మాట్లాడుకునేది లంబాడి. తెలుగే నాకు పొరుగింటి భాష, అది నేర్చుకున్నదాన్నే నేను. అండ్ల గూడ వంకలు పెడితే ఎట్ల?

ప్రాజెక్టు ముచ్చటేందంటే, హైదరాబాదుల తయారుగున్న ప్రాజెక్టులు అమ్మే దుకాన్లు ఉంటయ్. పోరగాళ్లు పోయి అట్టతోని సహా కొనుక్కొస్తరు. నేను గూడ గదే చేద్దుననుకుంట. గని బస్సు లేదు, రైలు ఎప్పుడు ఆగుతదో తెల్వదు. నా జట్టుల పోరగాళ్లు ధర్నాల వడి కనవడకుండ పోయిండ్రు. ఏం చేద్దునని అరుగు మీద కూసోని సూస్తే ఎదురుంగ జీపు. ఓసినీ, ప్రాజెక్టు నా ముంగటనే నిలవడ్డది గదా అనుకున్న.

బాపుకు చెప్తే నవ్వలే, కాదనలే. "బిడ్డా, కాయిదం మీద గీసిన గొట్టంల పొగ రాదు" అన్నడు, అంతే. ఎందుకు రాదో సూస్త అని నేను పంతం వట్టిన.

భూపాలపల్లిల మా మామ బొగ్గు బాయి పనిల ఉండె. సమ్మెకు బాయిలు బందైనయ్, ఆయన ఖాలీ. తుక్కు దుకాన్ల వెతికి మందమైన ఉక్కు పైపు వంపులు సంచిల ఏసుకొని ఎవరి బండ్లు దొరికితే వాటి మీద వచ్చి పడ్డడు. పోత ఇనుము లెక్క పలగది ఉక్కు, గందుకే. నేను కట్టుతీగను వంచి ఇంజన్ పక్కపొంటి ఎక్కడెక్కడ జాగ ఉందో కొలత తీసిన. కేసముద్రం మార్కెట్ కాడ ట్రాలీలు చేసే వెల్డింగ్ అన్న అతుకులు పెట్టిండు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎరుక లేదు. కరెంటు రాంగనే అన్న ఫోన్ కొట్టుడు, నేను సైకిల్ మీద ఉరుకుడు.

పుస్తకంల ఏముందంటే నాలుగు గొట్టాలు సమానం పొడుగుండాలె. ఒక సిలిండర్ పొగ ఇంకోదాని పొగకు అడ్డం తగలొద్దు, వంతుల వారీగ వచ్చి కలవాలె. నేను అచ్చం గట్లనే గీసిన. జాగ సాలక గొట్టాలు మీదికి లేసి, బానెట్ కింద జిలేబి లెక్క తిరిగి కిందికి దిగినయ్. బిగిచ్చి స్టార్ట్ కొడితే ఇంజన్ గురక మారింది, సాఫ్‌గ పాడినట్టే ఉంది. లోపలికి చారెడు పొగ లేదు. తండా అంత వచ్చి సూసింది. బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. నేను భూమ్మీద లేను ఆ పూట.

తెల్లారి కేసముద్రం నుంచి మానుకోటకు ర్యాలీ. మా జీపుకు గులాబీ జెండాలు కట్టిండ్రు. లోపల ముంగట ఎనుక నిండినంక, ఎప్పటిలెక్కనే పోరగాళ్లు బానెట్ మీదికి ఎక్కిండ్రు. నేను ఎనుక కూసున్న. జర దూరం పోయినంక ముంగటికెల్లి నినాదాలు ఎక్కువైనయ్. ఉషారు మీదున్నరు అనుకున్నం అందరం. సూస్తే ఒక్కొక్కడు లాగు పట్టుకొని కిందికి దుంకుతున్నడు. నా జిలేబి బానెట్‌ను పెనం చేసింది. ఒక ప్లాస్టిక్ జెండా కరిగి రేకుకే అతుక్కపోయింది. ఎవ్వరికి పుండ్లు కాలే, గని ర్యాలీ అంత నవ్విండ్రు. బాపు మాత్రం నవ్వలే.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నడు, జీపు మంచిగైంది, జనానికే పనికి రాకుండ అయ్యింది అని. మా దిక్కు బానెట్ ఖాలీగ పోయే జీపును ఎవ్వరు సూడలే. నలుగురైదుగురు అక్కడ కూసుంటేనే జీపు నడుస్తది. నాకు మంట లేసింది. బానెట్ మీద కూసునుడేంది, అది కూసునే జాగనా, ఏ దేశంల కూసుంటరు గట్ల అని లొల్లి పెట్టిన. మా యాడి రొట్టెలు చేస్తనే ఉంది. నన్ను కననీకె తనను దవాఖానకు తీస్కపోయిననాడు జీపుల ఆడోళ్లే నిండిండ్రంట. మా తాత తొవ్వ పొడుగుత బానెట్ మీదనే కూసోని వచ్చిండంట. గంతే చెప్పి, మల్ల రొట్టె తిప్పింది.

నేను లేసి లోపలికి పోయిన. పుస్తకంల ఇంజన్ బొమ్మను తీసి సూసిన. దాని సుట్టు ఏం లేదు, తెల్ల కాయిదమే. మా ఇంజన్ సుట్టు మనుషులుంటరు. వాళ్లు దిగరు, గొట్టాలే దిగాలె.

మల్ల మొదటికెల్లి గీసిన. ఈసారి గొట్టాలు పొట్టివి, కిందికే ఒంగి పోతయ్. ఒకదాని ఎంట ఒకటి పొగ వదిలే సిలిండర్లు ఎదురెదురు తగలకుండ, మొదటిదాన్ని నాలుగోదానితోని, రెండోదాన్ని మూడోదానితోని జతచేసి, ఆ రెండు జతలను కిందికి పోయినంక ఒక్కటి చేసిన. పొడుగులు సమానం రాలే. రాకపోతే రాకపోయె, మెల్లగ తిరిగే డీజిల్ ఇంజన్‌కు దానితోని పెద్ద ఫరక్ లేదని లెక్క ఏసి చూసిన. గొట్టాలకు బానెట్‌కు నడుమ గాలాడేటట్టు ఒక రేకు అడ్డం పెట్టిన. వెల్డింగ్ అన్న మల్ల అతికిండు. బిగిచ్చినంక నేనే బానెట్ ఎక్కి కేసముద్రం దాక పోయి వచ్చిన. మార్కెట్ల హమాలీలు పని ఆపి సూసిండ్రు. సూస్తే సూడనియ్యి.

అయినా బాపు సీటు కిందికెల్లి బొంత తియ్యలే. నువ్వు నా బిడ్డవు, కాలినా కాలలేదంటవ్ అన్నడు. జనాన్ని ఎక్కించుకునేది తను, రేపు ఏమన్న అయితే జవాబు చెప్పేది తను. సదువుకున్న పరాయోళ్లు ఒక్కరు సూసి ఔనంటే నమ్ముత అన్నడు. అటు మేస్త్రి జట్టు బయలెల్లే వారం అదే. వాయిదాల మీద వాయిదాలు పడి, నా ప్రాజెక్టు పరీక్ష గూడ ఆ వారమే వచ్చింది.

అందరు అట్టలేసిన పుస్తకాలు పట్టుకొని పోతే, నేను బాపును జీపుతో సహా తోల్కపోయిన. చిల్పూరు దిక్కు తొవ్వ కాడ బాపు జర మెల్లగ చేసి, గుట్ట మీది ఎంకన్నకు స్టీరింగ్ మీదికెల్లే దండం పెట్టిండు. జీపు కాలేజి గేట్ల దూరంగనే మా ప్రాజెక్టు సారు నెత్తి పట్టుకున్నడు.

పరీక్ష పెట్టే పెద్దసారు కోస్తా దిక్కు నుంచి వచ్చిండు. తెల్ల ప్యాంటు, మెత్తటి మాట. నా బొమ్మలన్ని తిరగేసి, "ఏమ్మా, గొట్టాల పొడవులు సమానంగా లేవేంటి?" అని అడిగిండు. నేను ఇంగ్లీషుల తయారు చేసుకున్న జవాబు ఉండె. నోట్లెకు రాలే. వచ్చింది ఇదే.

"సార్, సమానం చేస్తే బానెట్ కాలుతది. మా జీపుల బానెట్ మీద జనం కూసుంటరు."

ఎనుక ఎవరో కిసుక్కుమన్నరు. మా ప్రాజెక్టు సారు నా భాషకు తనే మాఫీ అడగబోయిండు. పెద్దసారు చెయ్యెత్తి ఆపిండు. నవ్వుతున్నడో లేదో నాకు తెలువలే. మొదటి బొమ్మ ఏది, ఎందుకు మార్చినవ్, గాలి ఎటు పోతది, పైపు మందమెంత, అన్ని అడిగిండు. నేను గట్లనే చెప్పుకుంట పోయిన, గిట్ల, గట్ల, అన్నిటితోని. ఆఖరుకు పద చూద్దాం అని లేసిండు.

బయటికొచ్చి ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నడు. చాన సేపు నడిపిచ్చిండు. బాపు ఎక్సిలేటర్ తొక్కుకుంట చెమటలు కక్కుతున్నడు. ఇగ సారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అక్కడ ఎక్కి కూసుంట అన్నడు. బాపు సారు తెల్ల ప్యాంటు సూసి పరేషాన్ అయిండు. ఉండుండ్రి సార్ అని కిందికి ఒంగి, సీటు కిందికెల్లి బొంత గుంజిండు. యాడి మడతలు విప్పి బానెట్ మీద పరిసిండు. అద్దాలు ఎండకు మెరిసినయ్.

సారు దాన్ని మెల్లగ పక్కకు జరిపిండు. బొంత మీద కూసుంటే కాలేది నాకెట్లా తెలుస్తదయ్యా అని, ఉట్టి రేకు మీదనే కూసున్నడు. కూసోని కాళ్లు ఊపుకుంట, బాపును జీపు గురించి, తొవ్వల గురించి, రోజు ఎందరెక్కుతరు గురించి ముచ్చట పెట్టిండు. కాలేజి అంత కిటికీలల్ల నిలవడి సూస్తున్నది. దిగినంక ప్యాంటు దులుపుకొని బాపుతోని ఒక్కటే మాటన్నడు. "ధైర్యంగా ఎక్కించుకోవయ్యా జనాన్ని."

వచ్చేటప్పుడు చలి పెట్టింది. బొంత నా ఒళ్లెనే ఉండె. బాపు తొవ్వల చెయ్యెత్తినోళ్లందరిని ఎక్కిచ్చుకున్నడు, బానెట్ నిండింది. తండా చేరేసరికి యాడి యాపచెట్టు కాడనే నిలవడ్డది, మేస్త్రి పొద్దున వచ్చి అడిగి పోయిండని చెప్పింది. బాపు జీపు దిగి, నా ఒళ్లెకెల్లి బొంత తీసుకొని ఆమె చేతుల పెట్టిండు.

"ఇగ గిది జీపుల ఎందుకు? మంచం మీద ఎయ్యి" అన్నడు.